సీలియాక్ వ్యాధి: పథ్యమే మందు

గోధుమ రొట్టె, నాన్, సేమియా, హలీమ్ - ఇవి లేని దస్తర్‌ఖాన్‌ను మన ఇళ్ళలో ఊహించుకోవడం కష్టం. అతిథి వస్తే సమోసా, టీతో పాటు బిస్కట్, పండుగనాడు షీర్ ఖుర్మా, పెళ్ళిలో డబుల్ కా మీఠా. అన్నింటిలోనూ గోధుమే. కోట్లాది మందికి బలాన్నిచ్చే ఈ ధాన్యం కొందరి కడుపుకు మాత్రం అస్సలు పడదు. వారిలో చాలామందికి తమ బాధకు కారణం పళ్ళెంలోనే ఉందన్న సంగతి ఏళ్ళ తరబడి తెలియదు. ఆ జబ్బు పేరు సీలియాక్ వ్యాధి. అదేమిటి, దాన్ని ఎలా గుర్తించాలి, ఇంట్లో అలాంటి వారు ఉంటే వంట, విందు, రమజాన్ ఉపవాసాలు ఎలా సాగాలి అన్న విషయాలను ఈ పాఠంలో తెలుసుకుందాం.

జబ్బు ఏమిటి?

గోధుమ, బార్లీ (యవలు), రై అనే మూడు ధాన్యాలలో గ్లూటెన్ అనే మాంసకృత్తు ఉంటుంది. గోధుమ పిండిని తడిపినప్పుడు జిగురుగా సాగేది దీనివల్లనే. మన చిన్న పేగు లోపలి గోడకు వెల్వెట్ బట్ట మీది నూగులాగా చూషకాలు ఉంటాయి. తిన్న ఆహారంలోని సారాన్ని పీల్చి రక్తంలోకి పంపడం వాటి పని. సీలియాక్ వ్యాధి ఉన్నవారు గ్లూటెన్ తింటే, శరీరాన్ని కాపాడవలసిన రక్షణ వ్యవస్థే పొరబడి ఈ చూషకాలను దెబ్బ తీస్తుంది. అవి అరిగి చదునైపోతాయి. అప్పుడు ఎంత తిన్నా ఒంటబట్టదు. ఇనుము, క్యాల్షియం, విటమిన్లు పేగులోంచి జారిపోతాయి.

ఇది అంటువ్యాధి కాదు. ఒకే పళ్ళెంలో తిన్నంత మాత్రాన ఒకరి నుంచి ఇంకొకరికి రాదు. వంశంలో వచ్చే కొన్ని జన్యువులు (డీక్యూ2, డీక్యూ8) ఉన్నవారికే ఇది వస్తుంది. అయితే ఆ జన్యువులు ఉన్నవారందరికీ రాదు. తల్లిదండ్రులు, తోబుట్టువులు, పిల్లలలో ఒకరికి ఉంటే మిగతా వారిలో ప్రతి పదిమందిలో సుమారు ఒకరికి ఉండే అవకాశం ఉంది. కనుక ఇంట్లో ఒకరికి తేలితే మిగతా రక్తసంబంధీకులు కూడా పరీక్ష చేయించుకోవాలి.

ప్రపంచంలో నూటికి సుమారు ఒకరికి ఈ వ్యాధి ఉందని అంచనా. మన దేశంలో మూడు ప్రాంతాల్లో పెద్దవారిని పరీక్షించి 2016లో ప్రచురించిన అధ్యయనంలో ఉత్తరాదిన నూటికి 1.23 మందిలో, ఈశాన్యంలో 0.87 మందిలో, దక్షిణాదిన 0.10 మందిలో ఇది కనిపించింది. జన్యువులు మాత్రం మూడు చోట్లా దాదాపు సమానంగానే ఉన్నాయి. పెద్ద తేడా గోధుమ వాడకంలో ఉంది. ఉత్తరాదివారు రోజుకు సగటున 455 గ్రాముల గోధుమ తింటుంటే, దక్షిణాదివారు తినేది 25 గ్రాములే. అంటే మన ప్రాంతంలో ఈ జబ్బు అరుదే గాని లేకపోలేదు. అరుదు కావడం వల్లనే చాలాసార్లు మొదట ఎవరికీ దీని మీద అనుమానం రాదు.

ఎలా కనిపెట్టారు?

బ్రిటన్ వైద్యుడు శామ్యూల్ గీ 1888లో పిల్లలలో ఈ జబ్బు లక్షణాలను వివరంగా రాశాడు. ఆహారం సరిచేయడమే దీనికి మార్గమని కూడా గ్రహించాడు. కాని ఏ ఆహారం చెరుపు చేస్తున్నదో ఆయనకు తెలియలేదు. 1924లో అమెరికా వైద్యుడు సిడ్నీ హాస్ అరటిపండ్ల పథ్యం పెట్టి పిల్లలకు మేలు కలిగించాడు. మేలు చేసింది అరటిపండు అనుకున్నారు. నిజానికి ఆ పథ్యంలో రొట్టె లేకపోవడమే మేలు చేసింది.

అసలు గుట్టు విప్పినవాడు హాలండ్‌కు చెందిన పిల్లల వైద్యుడు విల్లెమ్ డికె. యుద్ధానికి ముందే ఆయనకు గోధుమ మీద అనుమానం ఉండేది. 1944-45 చలికాలంలో హాలండ్‌లో ఘోరమైన కరవు వచ్చింది. రొట్టె దొరకక జనం తులిప్ పూల దుంపలు తిని బతికారు. ఊరంతా ఆకలితో చిక్కిపోతుంటే ఈ జబ్బు ఉన్న పిల్లలు మాత్రం తేరుకున్నారు. కరవు తీరి రొట్టె మళ్ళీ వచ్చాక వారి జబ్బు తిరగబెట్టింది. డికె తన పరిశోధనను 1950లో సిద్ధాంత గ్రంథంగా సమర్పించాడు. నాటి నుంచి నేటి వరకూ ఈ జబ్బుకు గ్లూటెన్ లేని ఆహారమే చికిత్స. దానికి బదులుగా వాడదగిన మాత్ర ఏదీ ఇంకా ఆమోదం పొందలేదు.

ఎలా గుర్తించాలి?

తరచూ విరేచనాలు, కడుపు ఉబ్బరం, బిడ్డ ఎత్తు, బరువు పెరగకపోవడం - ఇవి అందరికీ కనిపించే గుర్తులు. కాని కొందరికి విరేచనాలే ఉండవు. ఎన్ని ఇనుము మాత్రలు మింగినా రక్తహీనత తగ్గదు. నోటిపూత మాటిమాటికీ వస్తుంది. ఎప్పుడూ నీరసం. ఎముకలు పెళుసుబారుతాయి. ఆడపిల్లలు ఆలస్యంగా రజస్వల అవుతారు. కొందరు స్త్రీలకు గర్భం నిలవదు. మోచేతుల మీద, మోకాళ్ళ మీద విపరీతమైన దురదతో పొక్కులు రావచ్చు. చిన్నతనంలో వచ్చే మధుమేహం, థైరాయిడ్ జబ్బు ఉన్నవారిలో ఇది కొంచెం ఎక్కువగా కనిపిస్తుంది.

మన ఇళ్ళలో చిక్కిపోతున్న బిడ్డను చూసి “నజర్ తగిలింది” అంటారు. తాయెత్తు కట్టిస్తారు. దుఆ చేయడం మంచిదే, కాని వైద్యం చేయించుకోమని ప్రవక్త (సఅసం) చేసిన బోధ కూడా మన ముందుంది. ఆ బోధ ఉండగా పరీక్షను వాయిదా వేయడం బిడ్డకు అన్యాయం చేయడమే.

మొదట రక్తపరీక్ష (టీటీజీ ఐజీఏ) చేస్తారు. తరువాత అవసరాన్ని బట్టి ఎండోస్కోపీ ద్వారా చిన్న పేగులోంచి చిన్న ముక్క తీసి చూస్తారు. ఇక్కడ ఒక ముఖ్యమైన జాగ్రత్త ఉంది. పరీక్షలు పూర్తి కాకముందే గోధుమ మానేయకూడదు. మానేస్తే పేగు కొంత కోలుకుని, జబ్బు ఉన్నా పరీక్షలో లేదని రావచ్చు. అప్పుడు అసలు సంగతి తేలక ఏళ్ళు గడిచిపోతాయి. అలాగే ఎవరో మానేశారని చూసి జబ్బు లేనివారు గోధుమ మానవలసిన పని లేదు.

పథ్యం ప్రవక్త (సఅసం) నేర్పినదే

హలాల్ ఆహారాన్ని వద్దనడం దైవానుగ్రహాన్ని కాదనడమేమోనని కొందరు సంకోచిస్తారు. ఈ సందర్భంలో ఉమ్ముల్ ముంజిర్ (రజి) ఉల్లేఖించిన హదీసును గుర్తు చేసుకోవాలి. ఇది అబూ దావూద్, తిర్మిజీ గ్రంథాలలో ఉంది. దైవప్రవక్త (సఅసం) ఆమె ఇంటికి వచ్చారు. వెంట హజ్రత్ అలీ (రజి) ఉన్నారు. ఆయన అప్పుడే జబ్బు నుంచి కోలుకుంటున్నారు. ఇంట్లో ఖర్జూరపు గెలలు వేలాడుతున్నాయి. ప్రవక్త (సఅసం) వాటిలోంచి తిన్నారు. అలీ (రజి) కూడా తినబోగా, నీవింకా నీరసంగా ఉన్నావంటూ ఆయన్ను ఆపారు. తరువాత ఆమె బీట్ ఆకుతో బార్లీ వండి పెట్టింది. అది నీకు సరిపడుతుందని అలీ (రజి)కి దాన్ని తినమన్నారు.

ఈ సంఘటనలో మనకు రెండు పాఠాలున్నాయి. ఖర్జూరం శుభప్రదమైన ఆహారం. దాన్ని ప్రవక్త (సఅసం) స్వయంగా తిన్నారు. అయినా ఆ రోజు అది అలీ (రజి)కి సరిపడదని ఆపారు. అంటే ఒకే ఇంట్లో, ఒకే పూట, ఒకరికి మేలైన ఆహారం ఇంకొకరికి చెరుపు కావచ్చు. రెండవది, వద్దని ఊరుకోలేదు, సరిపడేదాన్ని చూపించారు. పథ్యం పెట్టే ప్రతి తల్లి గుర్తుంచుకోవలసిన పద్ధతి ఇది. “ఇది తినకు” అన్న మాట వెంటే “ఇదిగో, ఇది తిను” అన్న మాట కూడా ఉండాలి.

తల్బీనా విషయం కూడా ఇక్కడే చెప్పుకోవాలి. బార్లీ పిండితో కాచే ఈ జావ రోగి మనసుకు ఊరటనిస్తుందని హజ్రత్ ఆయిషా (రజి) ఉల్లేఖించిన హదీసు ఉంది. అందుకే చాలామంది రోగులకు ప్రేమతో తల్బీనా పంపుతారు. కాని బార్లీలో గ్లూటెన్ ఉంది. సీలియాక్ రోగికి అది కూడా గోధుమ లాంటిదే. తల్బీనా ఉద్దేశం రోగికి ఊరట కలిగించడం. దానివల్లే పేగు దెబ్బతినే వ్యక్తి దాన్ని మానుకుంటే సున్నతును కాదన్నట్టు కాదు. ఒంట్లో వేడి తగ్గడానికి తాగించే బార్లీ నీళ్ళకు కూడా ఇదే వర్తిస్తుంది.

ఏవి తినవచ్చు, ఏవి తినకూడదు?

అల్లాహ్ దయవల్ల మన ప్రాంతంలో పుట్టినవారికి ఈ పథ్యం మరీ కష్టం కాదు. మన ముఖ్య ఆహారం బియ్యం. బియ్యం, జొన్న, సజ్జ, రాగి, కొర్ర, మొక్కజొన్న, అన్ని పప్పులు, మాంసం, చేపలు, గుడ్లు, పాలు, పెరుగు, కూరగాయలు, పండ్లు, ఖర్జూరాలు, బాదం, వేరుశనగ - వీటిలో దేనిలోనూ గ్లూటెన్ లేదు. ఇడ్లీ, దోసె, పెసరట్టు, జొన్న రొట్టె, రాగి సంకటి నిశ్చింతగా తినవచ్చు. ఖరీదైన ప్రత్యేక ప్యాకెట్లు కొనక్కర్లేదు. రేషన్ బియ్యం, జొన్నలతోనే పేద కుటుంబం కూడా ఈ పథ్యం నడపగలదు. అయితే తెల్లన్నం ఒక్కటే తింటే ఇనుము, పీచు చాలవు. పప్పు, ఆకుకూరలు, చిరుధాన్యాలు తప్పక చేర్చాలి.

మానవలసినవి గోధుమ పిండి, మైదా, బొంబాయి రవ్వ, గోధుమ రవ్వ, సేమియా, బ్రెడ్, బిస్కట్లు, నాన్, షీర్మాల్, లుఖ్మీ, సమోసా, పరోటా, జిలేబీ, గులాబ్ జామూన్, డబుల్ కా మీఠా, రవ్వ హల్వా, హలీమ్, హరీస్. హలీమ్‌లో గోధుమ మాంసంతో కలిసి ఉడికి కరిగిపోతుంది. పైనుంచి తీసేసి తినే వీలు లేదు.

కంటికి కనిపించనివి మరికొన్ని ఉన్నాయి. వాటి దగ్గరే ఎక్కువమంది దెబ్బతింటారు.

ఇంగువ: బజారులో దొరికే ఇంగువలో చాలా రకాలను గోధుమ పిండి లేదా మైదా కలిపి తయారు చేస్తారు. బియ్యప్పిండి కలిపినవి కూడా దొరుకుతాయి. డబ్బా మీద చదివి కొనాలి.

మాల్ట్ పానీయాలు: పిల్లల బలానికని పాలలో కలిపే పొడుల్లో చాలావాటికి మూలం బార్లీ, గోధుమలే.

సోయా సాస్: దీని తయారీలో గోధుమ వాడతారు. చికెన్ 65, మంచూరియా వంటి వాటికి మైదా పట్టిస్తారు.

కబాబ్‌లు: ముద్ద నిలవడానికి బ్రెడ్ పొడి కలపడం మామూలే.

బిర్యానీ: అన్నం, మాంసం సమస్య కాదు. కాని దమ్ కోసం దేగిశా మూత చుట్టూ గోధుమ పిండి ముద్ద పెడతారు. మూత తీసేటప్పుడు ఆ పెళుకులు అన్నంలో రాలుతాయి. ఇంట్లో వండితే పిండికి బదులు బరువు పెట్టండి, లేదా తడిబట్ట చుట్టండి.

ఓట్స్: స్వతహాగా చాలామందికి పడతాయి. కాని పొలంలో, మిల్లులో గోధుమ కలుస్తుంది. గ్లూటెన్ లేదని ముద్ర ఉన్నవే, అదీ డాక్టరు ఒప్పుకున్నాకే వాడాలి.

మందులు: కొన్ని మాత్రల తయారీలో గోధుమ గంజిపొడి వాడే వీలుంది. ప్రతి కొత్త మందుకూ ఫార్మసిస్టును అడగడం అలవాటు చేసుకోవాలి.

మన దేశ నిబంధనల ప్రకారం కిలోకు 20 మిల్లీగ్రాములకు మించి గ్లూటెన్ లేని ఆహారానికే “గ్లూటెన్ లేనిది” అనే ముద్ర వేయాలి. ప్యాకెట్లలోని ఆహారంలో గ్లూటెన్ ఉన్న ధాన్యాలు ఉంటే ఆ మాట కూడా ముద్రించాలి. హలాల్ ముద్ర వేరు, ఈ ముద్ర వేరు. రెండూ చూసుకోవాలి.

“ఒక్క ముక్కతో ఏమవుతుంది?”

దాదీమా ప్రేమతో అనే మాట ఇది. ఏమవుతుందో లెక్క చూద్దాం. రోజుకు 50 మిల్లీగ్రాముల గ్లూటెన్ మూడు నెలలు తింటే చాలు, పేగు మళ్ళీ దెబ్బతింటుందని 2007లో ప్రచురించిన ఒక పరిశోధన తేల్చింది. ఒక చపాతీలో సుమారు రెండు మూడు గ్రాముల గ్లూటెన్ ఉంటుంది. అంటే చపాతీలో యాభయ్యో వంతు కూడా హాని చేయగలదు. ఆ పూట కడుపునొప్పి రాకపోయినా లోపల పేగు చెడుతూనే ఉండవచ్చు.

అందుకే వంటింట్లో కొన్ని ఏర్పాట్లు చేసుకోవాలి. పథ్యం ఉన్నవారి పిండి, జల్లెడ, రొట్టెల పీట, కర్ర, పెనం వేరుగా ఉండాలి. ముందు వారి వంట చేసి, తరువాత గోధుమ రొట్టెలు చేయాలి. పూరీలు వేయించిన నూనెలో వారి వడలు వేయించకూడదు. పిండిమరలో గోధుమ ఆడించిన వెంటనే జొన్నలు పోస్తే మరలో మిగిలిన గోధుమ పిండి అందులో కలుస్తుంది. వీలైతే జొన్నలు, బియ్యం కడిగి ఆరబెట్టి ఇంట్లో మిక్సీలో పట్టుకోవడం మేలు. శనగపిండికి కూడా ఇదే జాగ్రత్త అవసరం.

పథ్యం సరిగా నడిస్తే చాలామందికి కొద్ది వారాల్లోనే తేలిక కనిపిస్తుంది. పేగు పూర్తిగా మానడానికి నెలలు, పెద్దవారిలో ఒక్కోసారి రెండేళ్ళు కూడా పట్టవచ్చు. బాగుపడ్డామని మళ్ళీ గోధుమ మొదలుపెడితే జబ్బు తిరిగి వస్తుంది. ఈ పథ్యం జీవితాంతం ఉండాలి. డాక్టరు చెప్పిన గడువుకు రక్తపరీక్షలు చేయించుకుంటూ ఉండాలి.

రమజాన్‌లో

పథ్యం మీద ఉండి ఆరోగ్యంగా ఉన్నవారికి ఈ వ్యాధి ఉపవాసాలకు అడ్డు కాదు. కొత్తగా జబ్బు బయటపడి, రక్తం తక్కువై, బరువు తగ్గి ఉన్నవారి సంగతి వేరు. వారు డాక్టరు సలహా తీసుకోవాలి. రోగికి ఉపవాసం విషయంలో సడలింపు ఉందనీ, తరువాతి రోజుల్లో ఆ సంఖ్యను పూర్తి చేసుకోవచ్చుననీ సూరా అల్‌బఖరా 184, 185 ఆయతులు తెలుపుతున్నాయి. అల్లాహ్ ఇచ్చిన సడలింపును వాడుకోవడం విశ్వాసంలో లోటు కాదు. వివరాలకు ఆలిములను సంప్రదించాలి.

సహరీకి మన హైదరాబాదీల పాత అలవాటైన ఖిచిడీ, ఖీమా, ఖట్టాను మించినది లేదు. అందులో గోధుమ ఊసే లేదు. ఇఫ్తార్‌కు ఖర్జూరం, పండ్లు, ఉడికించిన శనగలు, మినప వడలతో దహీ వడ, బియ్యపు గంజి ఉండనే ఉన్నాయి. మసీదులో పంచే గంజిలో గోధుమ రవ్వ వేశారేమో అడిగి తాగాలి. హలీమ్ తినాలని పిల్లవాడు మనసు పడితే జొన్న రవ్వతో, పప్పులతో, మాంసంతో ఇంట్లోనే వండవచ్చు. రుచి అచ్చం అదే కాకపోయినా, గిన్నె పట్టుకుని అందరి పక్కనా కూర్చునే ఆనందం దక్కుతుంది. పండుగనాడు షీర్ ఖుర్మాను బియ్యపు సేమియాతో చేస్తే ఇంటిల్లిపాదీ ఒకే గిన్నెలోంచి తాగవచ్చు. ఫిర్నీ, ఖుబానీ కా మీఠా ఎలాగూ ఉన్నాయి.

బంధువుల బాధ్యత

ఈ జబ్బులో మనసుకు ఎక్కువ బాధ కలిగించేది పథ్యం కాదు, చుట్టూ ఉన్నవారి మాటలు. కోడలు రొట్టె ముట్టకపోతే “నఖరాలు” అంటారు. అతిథి విందులో చేయి పెట్టకపోతే అవమానంగా భావిస్తారు. దైవప్రవక్త (సఅసం) ఏ ఆహారానికీ వంక పెట్టేవారు కాదు, ఇష్టమైతే తినేవారు, లేకుంటే వదిలేసేవారు అని హదీసుల్లో ఉంది. ఆయన ముందు ఉడుము లాంటి జంతువు మాంసం పెట్టినప్పుడు ఆయన తినలేదు, పక్కనే కూర్చున్న ఖాలిద్ (రజి) తిన్నారు. ఎవరూ ఎవరినీ నిందించలేదు. వంక పెట్టకుండా వదిలేయడం తినేవారి మర్యాద. బలవంతం చేయకపోవడం పెట్టేవారి మర్యాద.

ఒకే తబక్‌లో నలుగురూ కలిసి తినడం మన సంప్రదాయం. అందరూ నాన్ ముంచుతున్న షోర్వాలో సీలియాక్ రోగి చేయి పెట్టలేడు. అతనికి విడిగా పళ్ళెం పెట్టి, పక్కనే కూర్చోబెట్టుకోండి. పళ్ళెం వేరైనా దస్తర్‌ఖాన్ ఒక్కటే. వలీమాకు పిలిచేవారు ఒక ఫోను చేసి “నీకు ఏమి పడుతుంది బేటా?” అని అడిగితే, ఆ ఒక్క మాటతో ఎంతో బరువు దిగిపోతుంది.

మదరసా హాస్టల్లో, బడిలో ఉన్న పిల్లల సంగతి ఉస్తాద్‌కు రాసి ఇవ్వాలి. స్నేహితులతో దాచి బిస్కట్ తిన్న పిల్లవాణ్ణి కొట్టకండి. వాడికి జబ్బు సంగతి అర్థమయ్యేలా చెప్పండి. వాడి జేబులో వేరుశనగ ఉండలో, నువ్వుల లడ్డూలో పెట్టి పంపండి.

ఆడపిల్లకు పెళ్ళి కుదరదేమోనని ఈ జబ్బును దాచే తల్లిదండ్రులున్నారు. దాస్తే ఏమవుతుంది? అత్తగారింట్లో మొదటి రోజు నుంచే ఆమె రొట్టె తినవలసి వస్తుంది. మళ్ళీ రక్తహీనత, నీరసం మొదలవుతాయి. గర్భం నిలవకపోతే నింద ఆమె మీదే పడుతుంది. ముందే చెప్పి పంపితే, పథ్యం మీద ఉన్న స్త్రీలలో ఎక్కువమంది అందరిలాగే ఆరోగ్యంగా కాపురం చేసుకుంటారు, బిడ్డల్ని కంటారు. అబ్బాయి తరఫు వారు కూడా దీన్ని లోపంగా చూడకూడదు. అన్నం వండే ఇంట్లో రొట్టె తినని మనిషి ఎవరికి బరువు?

ఏళ్ళ తరబడి తగ్గని రక్తహీనత, ఎదగని బిడ్డ, ఆగని విరేచనాలు మీ ఇంట్లోగాని, మీ బంధువుల్లోగాని ఉంటే ఈ రక్తపరీక్ష గురించి డాక్టరును అడగండి. జబ్బు తేలినవారు ఎవరైనా ఉంటే ఈ శుక్రవారం వారిని భోజనానికి పిలవండి, వారికి పడేదే అందరికీ వండండి. రోగులందరికీ అల్లాహ్ స్వస్థత ప్రసాదించుగాక! వారికి సహనాన్ని, మనకు వారి బాధను గ్రహించే మనసును ఇచ్చుగాక! ఆమీన్.